గుప్తదానము

కుడిచేయి యిచ్చినది ఎడమచేయి యెఱుగరాదని పెద్దలు గుప్తదానమును శ్లాఘించిరి. అన్నార్తునకు, పేద విద్యార్థికి నిచ్చునెడ నది ధర్మమే. రాజకీయాభ్యర్థికి నిచ్చునెడ నదియే యధర్మము. ఏలన, అన్నార్తుడు శాసనములు చేయడు. కాంట్రాక్టులు మంజూరు చేయడు.

మన సీమలోనే యొక దృష్టాంతము కలదు. 1937 ఎన్నికలలో మదరాసు రాజధానికి ప్రధానిగానుండిన బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారిని బొబ్బిలిలోనే కాంగ్రెసు అభ్యర్థి వి.వి. గిరిగారు ఓడించిరి. ఆనాడు ధనబలము ఎచ్చటనున్నదో పల్లెప్రజకు సైతము తెలియును. కోట కంటికి కనబడుచుండెను. కనబడు బలమును ప్రజ యెదుర్కొనగలిగినది. నేటి ధనబలమునకు కోట లేదు, గుమ్మము లేదు.

2018లో వచ్చిన ఎన్నికల బాండ్ల పద్ధతి యట్టిదే. ఇచ్చినవానికి తెలియును, పుచ్చుకొన్నవానికి తెలియును; ఓటరునకు మాత్రము తెలియరాదు. మూడేండ్ల సగటు లాభములో 7.5 శాతమునకు మించి కంపెనీలు విరాళమీయరాదను కట్టడిని 2017లోనే తొలగించిరి. 2024 ఫిబ్రవరి 15వ తేదీన సుప్రీంకోర్టు ఈ రెంటిని కొట్టివేసి, తెలిసికొనుట ఓటరు హక్కని తీర్పు చెప్పినది. పిమ్మట వెలువడిన పట్టికలో హైదరాబాదునందలి మేఘా ఇంజనీరింగు కంపెనీ 966 కోట్ల రూపాయల బాండ్లు కొని, దేశమున రెండవ స్థానమున నుండెను. ఈ కంపెనీ ప్రభుత్వపు పనులు చేయునది. ప్రతిఫలమాశించి యిచ్చిరని మేమనము. కాని ఆ ప్రశ్న నడుగుటకైనను ప్రజకు ఆరేండ్లు పట్టినది.

తీర్పుతో వ్యాధి తీరలేదు. శాసనసభాభ్యర్థి వ్యయమునకు 2022లో 40 లక్షల పరిమితి విధించిరి; పార్టీ చేయు సాధారణ ప్రచారమునకు పరిమితియే లేదు. 20,000 రూపాయలకు మించని విరాళమైనచో దాత పేరు ఎన్నికల సంఘమునకు తెలుపనక్కరలేదు. తలుపునకు తాళము వైచి గోడ పడగొట్టినట్లున్నది!

కావున శ్రీకాకుళ విజయనగర మండలముల పాఠకులకు మా మనవి యొక్కటే. ఓటడుగవచ్చిన అభ్యర్థిని, ఏ పార్టీవాడైనను, సభాముఖమున నిట్లడుగుడు: "అయ్యా, మీ సభలకు, వాహనములకు సొమ్మిచ్చినవారెవరు? వంశధార కట్టల పనులు, నాగావళి యిసుక రేవులు రేపు వారికే దక్కునా?" ఒకరి యుప్పు తిన్నవాడు మఱియొకరి పక్షమున నిలుచుట యరుదు.

అయితే ఒక్క నియమము. ఎన్నికల ముందటి రాత్రి మన గుమ్మమునకు వచ్చు నోటుకూడ గుప్తదానమే. దానిని పుచ్చుకొన్న నోటికి ఈ ప్రశ్న నడుగు నధికారము లేదు.