ఎదురింటి పళ్ళెం

నెలగంట పెట్టేశారు. తెల్లవారుజామున లేచి వాకిట్లో కళ్ళాపి జల్లి, ముగ్గు గిన్నె పట్టుకుని తలెత్తితే ఎదురు వరండాలో కాగితం నక్షత్రం వెలుగుతూ కనిపిస్తుంది. రాత్రి పడుకునేముందు స్విచ్చి ఆపడం మరిచిపోయి ఉంటారు. ఆ వెలుతుర్లోనే నా ముగ్గు పూర్తయిపోతుంది. మా ఉక్కునగరంలో డిసెంబరంటే ఇదే అక్కలూ! కింద ముగ్గులు, పైన క్రిస్మస్ చుక్కలు, మధ్యలో ఆరు గంటల ఏ షిఫ్టుకి పరుగెత్తే స్కూటర్ల చప్పుడు.

స్టీలు ప్లాంటు ఊళ్ళో పండగలు కొంచెం వేరుగా ఉంటాయి లెండి. కోక్ ఓవెన్లు ఒకసారి చల్లారాయంటే లోపల ఇటుకలు పగిలిపోతాయని మా వారు చెబుతుంటారు. గోదావరి, కృష్ణ అని చక్కటి పేర్లు పెట్టుకున్న బ్లాస్టు ఫర్నేసులు కూడా పండగొచ్చిందని ఆపేసేవి కావు. అందుకని సంక్రాంతి అయినా, రంజాన్ అయినా, క్రిస్మస్ అయినా మేం ముందు చూసేది క్యాలెండరు కాదు, షిఫ్టు చార్టు. ఇరవై నాలుగో తారీఖు బి షిఫ్టు పడిందంటే రాత్రి పదింటిదాకా మనిషి ఇంటికి రాడు. ఆ ఇల్లాలు పిల్లల్ని తయారుచేసి, తనూ కొత్త చీర కట్టుకుని, గేటు వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆయన వచ్చి నాలుగు చెంబుల నీళ్ళు పోసుకుంటే అందరూ కలిసి అర్ధరాత్రి ఆరాధనకి బయలుదేరతారు.

పండగ పది రోజులుందనగా సందడి మొదలవుతుంది. పరదాలు ఉతకడం, బూజులు దులపడం, పిల్లలు వెదురు పుల్లలు చీల్చి రంగు కాగితాలు అంటించడం, మేడమెట్ల కింద గడ్డి పరిచి పశువుల పాక కట్టడం. రాత్రి పదకొండు దాటాక క్యారల్స్ వాళ్ళు గిటారుతో, డప్పుతో వస్తారు. టీ ఫ్లాస్కు నింపి పెట్టుకోకపోతే పరువు పోయినట్టే. బట్టలకి జగదాంబ, సరుకులకి పూర్ణా మార్కెట్ అనేవారు ఒకప్పుడు. ఇప్పుడు గాజువాకలోనే అన్నీ దొరుకుతున్నా, మా పెద్దవాళ్ళకి పాత ఊరు వెళ్ళొస్తేగానీ పండగ సరుకు కొన్నట్టుండదు. వెళ్ళినవాళ్ళు పనిలో పని రాస్ హిల్ మీది కొండగుడికి కూడా ఎక్కి వస్తారు. పోర్టు పక్కనే మూడు కొండలు, ఒకదాని మీద మేరీమాత, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి. 1933లో పోర్టు తెరిచిన నాటికే ఆ ముగ్గురూ అక్కడ ఉన్నారు. లండన్ మిషన్ వాళ్ళు 1805లోనే విశాఖలో దిగారు కాబట్టి, క్రిస్మస్ ఇక్కడ నిన్నమొన్న వచ్చిన పండగేం కాదు.

ఇంత గొప్పగా చెబుతున్నాను కదా, ఇక నా తప్పు కూడా చెప్పాలి. చాలా ఏళ్ళుగా లోపలే దాచుకున్నాను. ఈ పేజీ చదివే మీరు నా వాళ్ళే కాబట్టి చెబుతున్నాను.

మేం ఈ సెక్టారులో క్వార్టరుకి వచ్చింది 2011లో. మా అత్తగారు మాతోనే ఉండేవారు. మడీ ఆచారం గట్టిగా ఉన్న మనిషి. ఎదురింట్లో ఒక వదినగారు. భర్త కోక్ ఓవెన్స్‌లో పని. సామాను దించిన రోజు మంచినీళ్ళ బిందె పంపింది ఆవిడే. ఆ డిసెంబరు ఇరవై అయిదున స్టీలు పళ్ళెం నిండా పిండివంటలు పెట్టి, పైన క్రోషాతో అల్లిన గుడ్డ కప్పి, స్వయంగా తెచ్చి ఇచ్చారు. గులాబీ పువ్వులు, కజ్జికాయలు, నాలుగు అరిసెలు. ఎంత ముచ్చటగా సర్దారో!

అత్తగారు గుడ్డ కొంచెం పైకెత్తి చూశారు. "గుడ్డు వేసుంటారు. ఏ మూకుడులో వండారో ఏమో" అన్నారు. అంతే, మరో మాట లేదు. నేనూ మరో మాట అనలేదు. పళ్ళెం పళ్ళెంగా మా పనమ్మాయి సంచిలోకి వంచేశాను. పిల్లలకి కూడా పెట్టలేదు. ఖాళీ పళ్ళెం తిరిగి ఇవ్వకూడదంటారు కదా, కడిగి గుప్పెడు పంచదార పోసి పట్టుకెళ్ళాను. "ఎలా ఉన్నాయి వదినగారూ?" అని అడిగారావిడ. "చాలా బాగున్నాయండీ, మా అత్తగారికి మరీ నచ్చాయి" అన్నాను.

ఇప్పటికీ నన్ను పొడిచేది ఆ రెండో మాటే. మొదటిది మర్యాదకి అన్నాననుకున్నా, రెండోది ఎవరు అడిగారు చెప్పండి?

మరుసటి ఏడాది మళ్ళీ క్రిస్మస్ వచ్చింది. మళ్ళీ అదే పళ్ళెం, అదే క్రోషా గుడ్డ. తీసి చూస్తే ఆరు ఆపిల్ పళ్ళు, ఒక అరటిపళ్ళ అత్తం. పిండివంట ఒక్కటి లేదు. "హమ్మయ్య, ఈసారి పేచీ లేదు" అన్నారు అత్తగారు. నిజం చెప్పొద్దూ, నేనూ హమ్మయ్య అనుకున్నాను.

మా పనమ్మాయి వాళ్ళింట్లో కూడా అంట్లు తోమేది. ఆ సాయంత్రం గిన్నెలు బోర్లిస్తూ, "అమ్మగారూ, నానొక మాట సెప్తాను, ఏటీ అనుకోకండి" అంది. ఏమిటే అన్నాను. "పోయినేడు ఆయమ్మ మీకోసరమే కొత్త మూకుడు కొన్నాది. మీ పెద్దమ్మగారు గుడ్డు తినరని మీయే ముందు వండేసి, తరవాత గుడ్డు కలిపి తమయి వండుకున్నాది. ఆ పువ్వులు మా పిల్లడి సేతిలో సూసేసింది అమ్మా. నన్నేటీ అనలేదు. ఊరుకున్నాది" అంది.

నా చేతిలో పోపు గరిటె అలాగే ఉండిపోయింది. అంటే నేను "మా అత్తగారికి మరీ నచ్చాయి" అన్నప్పటికే ఆవిడకి సంగతి తెలుసో, ఆ తరవాత తెలిసిందో, ఇప్పటికీ నాకు తెలియదు. అడిగే ధైర్యం రాలేదు. తెలిసి కూడా మరుసటి ఏడాది పళ్ళెం మానలేదు చూడండి! మన ఇంట్లో చెల్లేది ఏదో ఆలోచించి, పళ్ళు పెట్టి పంపారు. నాలాంటిదైతే ఆ పళ్ళెం అటక ఎక్కించేసేది.

ఆ పళ్ళు తింటుంటే గొంతు దిగలేదు నాకు. వెళ్ళి క్షమించమని అడుగుదామా అంటే, ఏమని అడగాలి? అత్తగారి మీద నెట్టేస్తే సరిపోతుంది. కానీ సంచిలోకి వంచిన చెయ్యి ఎవరిది? నాదే కదా. అబద్ధమాడిన నోరూ నాదే. సంక్రాంతి వెళ్ళింది, ఉగాది వెళ్ళింది, ఎదురుపడినప్పుడల్లా కూరల ధరలు, కుళాయి నీళ్ళు మాట్లాడుకుని తప్పుకునేదాన్ని.

2013 డిసెంబరులో, పండగ నాలుగు రోజులుందనగా, రెండు గ్లాసుల బియ్యం నానబోసి, ఆరబెట్టి, పిండి పట్టించి, డబ్బాలో పోసుకుని ఎదురింటికి వెళ్ళాను. "వదినగారూ, నాకు గులాబీ పువ్వులు నేర్పండి" అన్నాను. ఆవిడ నా ముఖం కేసి చూశారు. తరవాత చాలా మెల్లగా, "అయితే మీ ఇంటి మూకుడు తెచ్చుకోండి, పరవాలేదు" అన్నారు. దెప్పిపొడుపు కాదు అక్కలూ, నిజంగా నా సదుపాయం కోసమే అన్నారు. అదే నాకు తట్టుకోలేకపోయింది. "వద్దండీ. మీ మూకుడులోనే చేద్దాం. రెండేళ్ళ కిందటివి నేను తినలేదు. బాగున్నాయని అబద్ధం చెప్పాను" అనేశాను.

ఆవిడ పిండి జల్లిస్తూనే ఉన్నారు. కాసేపటికి, "తినమని ముందే చెప్పేస్తే పళ్ళే పంపుదును కదమ్మా. నాకేం కష్టం?" అన్నారు. ఆ మాటతో అయిపోయింది. తిట్టుంటే బాగుండును అనిపించింది.

ఆ రోజు సాయంత్రం దాకా వాళ్ళ వంటింట్లోనే ఉన్నాను. మొదటి పది పువ్వులూ నా చేతిలో ముద్దలైపోయాయి. ఆవిడ నవ్వుతూనే ఉన్నారు. నేను మాత్రం వేడివేడివి అక్కడే తిన్నాను. అత్తగారితో కూడా చెప్పేశాను, తిన్నానని. రెండు రోజులు ముఖం ముడుచుకున్నారు, మూడో రోజు మామూలే. అయితే ఒక విచిత్రం. మేం పక్కరోజు అరిసెలు మొదలుపెడితే పాకం కుదరలేదు. ఆ సంగతి మా వరండాలోంచి విన్నారో ఏమో, అత్తగారు గుమ్మం దాకా వచ్చి నిలబడి, "చల్లటి నీళ్ళలో చుక్క వేస్తే మెత్తటి ఉండ అవ్వాలి. గట్టిపడిపోతే అరిసె రాయవుతుంది. కాస్త నీళ్ళు చిలకరించి మళ్ళీ పెట్టండి" అని కేకేశారు. లోపలికి రాలేదు, తినలేదు. కానీ అరిసెలు ఒత్తే చెక్కలు మాత్రం మా పిల్లాడి చేత పంపారు.

ఆ పై ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. విశాఖవాళ్ళకి ఆ ఆదివారం గురించి చెప్పక్కర్లేదు. చెట్లన్నీ పడిపోయి, కరెంటు లేక, నీళ్ళు ఎక్కక, పాలపాకెట్టు దొరికితే పండగ అన్నట్టుండేది. సరిగ్గా అప్పుడే మా గ్యాసు బండ అయిపోయింది. అయిదు రోజులు రెండిళ్ళకీ ఒకటే పొయ్యి, ఎదురింటి పొయ్యి. మొదటి రోజు అత్తగారు అటుకులు నానేసుకుని తిన్నారు. రెండో రోజు పొద్దున్న వదినగారు పాలపొడితో కాఫీ కలిపి గ్లాసు తెచ్చి గట్టు మీద పెట్టారు. అత్తగారు ఆ గ్లాసుకేసి చాలాసేపు చూశారు. "తుఫానులో మడేమిటి లెద్దూ" అని తీసుకున్నారు.

ఆ డిసెంబరులో పళ్ళెం వచ్చినప్పుడు అత్తగారు నన్నడిగింది ఒక్కటే. "గుడ్డు లేనివేనా?" నేను అవునన్నాను. ఈసారి నిజమే, నేనే పిండి కలిపాను కాబట్టి. ఒక పువ్వు విరిచి సగం నోట్లో వేసుకున్నారు. "యాలకులు కాస్త ఎక్కువయ్యాయి" అన్నారు. అత్తగారి నోట అంతకన్నా మెప్పు మేం ఎవ్వరం ఎరగం!

ఇప్పుడు అత్తగారు లేరు. ఎదురింటి అన్నయ్యగారు రిటైరయ్యాక వాళ్ళు కూర్మన్నపాలెం వైపు ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయారు. ఎదురింట్లో ఇప్పుడున్నది కొత్తగా పెళ్ళయిన జంట. నేను చెప్పిన నక్షత్రం వాళ్ళదే. మొన్న ఆ అమ్మాయి ముగ్గు దగ్గరికి వచ్చి, సిగ్గుపడుతూ, "ఆంటీ, క్రిస్మస్‌కి స్వీట్లు ఇస్తే మీరు తీసుకుంటారా?" అని అడిగింది. చూశారా, ఈ కాలం పిల్లలు ముందే అడిగేస్తున్నారు! "గుడ్డు లేనివి అయితే మా ఇంట్లో అందరం తింటాం. గుడ్డు వేసినవి అయితే పిల్లలు తింటారు. రెండూ పంపు" అన్నాను.

నేను చెప్పదలచుకున్నది కూడా ఇంతే అక్కలూ. ఎవరి ఆచారం వాళ్ళది, ఎవరి నోరు వాళ్ళది. తినలేకపోతే తప్పేం లేదు. "మా ఇంట్లో ఇది చెల్లదండీ" అని నవ్వుతూ ముందే చెప్పేస్తే ఇచ్చేవాళ్ళు ఏమీ అనుకోరు, ఇంకోటి పంపుతారు. ఆ ఒక్క మాట చెప్పడానికి మొహమాటపడి, ఎవరో మనకోసం పొయ్యి దగ్గర నిలబడి వండినది చాటుగా పారబోసి, పైగా బాగుందని చెప్పడం ఉంది చూశారూ, అది మాత్రం వద్దు. కాలనీ చిన్నది. గులాబీ పువ్వు ఏ పిల్లాడి చేతిలో కనబడుతుందో ఎవరికి తెలుసు?

ఈ ఇరవై మూడో తారీఖున మా వారిది సి షిఫ్టు. పగలంతా ఇంట్లోనే ఉంటారు కాబట్టి పిల్లల్ని ఆయనకి అప్పజెప్పి, మూకుడు సంచిలో పెట్టుకుని కూర్మన్నపాలెం వెళ్తాను. వదినగారికి ఈమధ్య మోకాళ్ళ నొప్పులు, పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నారు. ఈ ఏడు కూర్చుని ఆవిడ చెబుతారు, నేను వండుతాను.

గులాబీ పువ్వులు (గుడ్డు లేకుండా)

మైదా 1 గ్లాసు, బియ్యప్పిండి అర గ్లాసు, పంచదార పొడి అర గ్లాసు, చిక్కటి కొబ్బరి పాలు ఒకటింబావు గ్లాసు వరకూ, నువ్వులు 1 చెంచా, ఉప్పు చిటికెడు, యాలకుల పొడి కొంచెం (అత్తగారిని తలుచుకుని తక్కువే వేయండి), వేయించడానికి నూనె.

పిండ్లు రెండూ జల్లించి, పంచదార పొడి, ఉప్పు, యాలకుల పొడి కలపాలి. కొబ్బరి పాలు ఒక్కసారే పోయకుండా కొంచెం కొంచెంగా పోస్తూ ఉండలు కట్టకుండా కలపండి. దోసెల పిండికన్నా కాస్త పలచగా ఉండాలి. నువ్వులు వేసి అరగంట పక్కన పెట్టండి. మూకుడులో నూనె కాగాక అచ్చుని నూనెలోనే ఉంచి బాగా వేడెక్కనివ్వాలి. వేడి అచ్చుని పిండిలో ముప్పావు వంతు మాత్రమే ముంచండి. పై అంచు దాటిందంటే పువ్వు ఊడి రాదు. నూనెలో పెట్టి కొద్దిగా వేగాక అచ్చుని ఆడిస్తే పువ్వు విడిపోతుంది. మధ్యస్థంగా మంట పెట్టి రెండు వైపులా బంగారు రంగు వచ్చేదాకా వేయించి తీయాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూత పెట్టండి, లేకపోతే మెత్తబడిపోతాయి.

అచ్చు కొత్తదైతే ముందురోజు రాత్రి నూనెలో నానబెట్టండి. అయినా మొదటి రెండు మూడు పువ్వులు పాడవుతాయి. బెంగపడకండి. నావి పది పాడయ్యాయి!