నాదమును అంకెలు చంపునా?

తంబురా, వీణ, వేణువు మొదలైన సహజ వాద్యముల నాదము మెదడునకు మేలు చేయుననియు, సెల్‌ఫోనులో వినవచ్చు డిజిటల్ సంగీతము మెదడును మొద్దుబార్చుననియు పెద్దలు పలువురు పిల్లలకు చెప్పుచున్నారు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని చెప్పువారు చూపు కారణము మాత్రము సరియైనది కాదు. కారణము తప్పైనప్పుడు నివారణయు తప్పుదారినే పోవును గదా!

సహజ వాద్యముల గొప్పతనమును ఎవరును కాదనరు. విశాఖపట్టణమున బాల్యము గడపిన సి. వి. రామన్ 1921లో కలకత్తానుండి వీణాతంబురల తంత్రులను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. తంత్రిని ఒకచోట మీటినచో, ఆ చోట చలనము లేకుండవలసిన అనుస్వరములు పుట్టరాదని అప్పటి భౌతికశాస్త్ర నియమము. తంబురాలో అవియు స్పష్టముగా వినవచ్చుట రామన్ గమనించెను. తంత్రులను మోయు గుర్రము పైభాగము వంపు తిరిగియుండుట, తంబురాలో దానిపై తంత్రి క్రింద సన్నని దారపు పోగు నిలుపుట ఇందులకు కారణములు. తంత్రి కంపించుచు ఆ వంపును తాకుచు, విడచుచు ఉండుటచేతనే ఆ నాదము అంత నిండుగా నుండును.

ఇట్టి నాదమును అంకెలుగా మార్చినప్పుడు నడుమ ముక్కలు జారిపోవునని చాలమంది నమ్మకము. 1982లో అంగడికి వచ్చిన కాంపాక్ట్ డిస్కు ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలుచును. మానవుని చెవి వినగల అత్యధిక స్పందన సెకనుకు సుమారు 20,000. ఒక స్పందనను దాని సంఖ్యకు రెట్టింపుకు మించి కొలిచినచో, ఆ కొలతలనుండి ఆ తరంగమును మరల యథాతథముగా నిర్మింపవచ్చునని గణితము నిరూపించినది. పుస్తకములలో గీయు మెట్లబొమ్మను చూచి, చెవికి చేరు ధ్వనియు మెట్లుమెట్లుగానే ఉండుననుకొనుట భ్రమ. ఎంపీ3 సంగతి వేరు. పెద్ద ధ్వని చాటున చెవికి వినబడని చిన్న ధ్వనులను అది నిజముగానే తీసివేయును. పిసినారితనముతో కుదించినచో తాళముల మ్రోత నలిగిపోవును. అది చెవికి కలుగు నష్టమే. దానివలన మెదడు చెడునని మాత్రము నిరూపణ లేదు.

చెవికందని అతిసూక్ష్మ స్పందనలుకూడ మెదడును కదలించునని 2000లో జపాను పరిశోధకులు బాలిద్వీపపు గామెలాన్ వాద్యములతో చేసిన పరీక్షనాధారముగా ప్రకటించిరి. ఆ మాట ఆకర్షణీయమైనదే గాని, తరువాతి పరీక్షలు దానిని ఏకగ్రీవముగా సమర్థింపలేదు. ఒక్క స్తంభముపై మేడ కట్టరాదు. 1993లో మొజార్ట్ సంగీతమును పది నిమిషములు విన్న 36 మంది కళాశాల విద్యార్థులు ఆకారములకు సంబంధించిన ప్రశ్నలలో కొలదిసేపు మెరుగుగా రాణించిరన్నంతలో, 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్రపు గవర్నరు పురిటి శిశువులందరకు సంగీతపు రికార్డులు పంచుటకై నిధులు కోరెను. తొందరపాటు పెద్దలకును తప్పదు!

మరి ఎదుట పాడుచుండగా వినుటకు, రికార్డు వినుటకు భేదమే లేదా? ఉన్నది. 2024లో జూరిక్ పరిశోధకులు దీనిని చక్కగా పరీక్షించిరి. శ్రోత స్కానరు యంత్రములో పడుకొని ఉండగా, బయటనున్న పియానో వాదకుడు అతని మెదడులో భావములకు సంబంధించిన ఎమిగ్డాల అను భాగము స్పందించు తీరును ఎప్పటికప్పుడు చూచుచు, దానికి తగినట్లు తన వాదనమును మార్చుకొనుచుండెను. ఈ ప్రత్యక్ష వాదనమునకు కలిగిన స్పందన రికార్డునకు కలిగినదానికంటె బలముగాను, నిలుకడగాను ఉండెను. ఇందొక సంగతి గమనింపదగినది. పియానో ఆ గదిలో లేదు. ప్రత్యక్ష సంగీతమైనను, రికార్డు చేసినదైనను శ్రోత చెవికి యంత్రముగుండనే చేరినది. కనుక భేదము కొయ్యకును, అంకెలకును నడుమ లేదు. శ్రోతను గమనించి మారు వాదకుడు ఉండుటలోను, లేకపోవుటలోను ఉన్నది. రికార్డు ఎవరికొరకును మారదు. మన గాయకులు సభ తల యూపుటను చూచి ఆలాపన పెంచుట ఇట్టిదే.

డిజిటల్ పరికరమువలన వచ్చు అసలు కీడు వేరొకచోట నున్నది. అది అలసట యెరుగదు, తెరపి యివ్వదు. 12 నుండి 35 ఏండ్ల వయసువారిలో 110 కోట్లమంది వినికిడి ప్రమాదములో నున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో హెచ్చరించెను. 80 డెసిబెళ్ల ధ్వనిని వారమునకు 40 గంటలకు మించి వినరాదని ఆ సంస్థ చెప్పుచున్నది. లోచెవిలోని సూక్ష్మ రోమకణములు నశించినచో మరల మొలవవు. ఇంకొకటి: పాట వినుచు పాఠము కంఠస్థము చేయు విద్యార్థి మెదడు రెండు మాటల వరుసలను ఒకే చోట నిలుపుకొనజూచును. వాద్యసంగీతముకంటె మాటలుగల పాటయే స్వల్పకాలపు జ్ఞాపకమును హెచ్చుగా చెదరగొట్టునని 1989లో ప్రకటితమైన పరీక్షలు తెలిపినవి.

వినుటకంటె నేర్చుట మెదడును లోతుగా మలచును. ఆరేండ్ల పిల్లలకు వారమున కొక అరగంట చొప్పున 15 నెలలు కీబోర్డు నేర్పగా, వారి మెదడులో వినికిడికిని, చేతి కదలికకును సంబంధించిన భాగములు ఇతర పిల్లలకంటె భిన్నముగా పెరిగినట్లు 2009లో వెల్లడియైనది. అట్టి మార్పుకు వీణయే కావలెనను నియమము లేదు. వ్రేళ్లు కదలవలెను, చెవి తన తప్పు తాను పట్టుకొనవలెను.

కొన్ని పాఠశాలలలో ఉదయప్రార్థన ఇప్పుడు లౌడ్‌స్పీకరులోనుండి వచ్చుచున్నది. పిల్లలు చేతులు జోడించి, పెదవులు కదపక నిలుచుచున్నారు. పూర్వమొక అయ్యవారు శ్రుతి యెత్తుకొనగా, సగముమంది తప్పు స్వరములోనైనను గొంతు విప్పెడివారు.