నాడి చెప్పని సంగతి

కొత్త శ్వాసవ్యాధి ఏదైనా ఊరిలో ప్రవేశించినప్పుడు దానిని మొదట చూసేది పెద్ద ఆసుపత్రి కాదు, వీధి చివరి వైద్యుడు. మా కృష్ణానగర్‌లో ఇది మరింత నిజం. చిత్రీకరణలలో రోజుకూలిపై పనిచేసే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్ ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి ఉంటారు. తెల్లవారకముందే ఒకే వాహనంలో క్రిక్కిరిసి వెళతారు. దగ్గుతో వచ్చినవారు అడిగేది ఒక్కటే: "రేపు షూటింగు ఉంది డాక్టరుగారూ, పోగలిగేటట్లు ఏదైనా కషాయం ఇవ్వండి." విశ్రాంతి అంటే ఆనాటి కూలి పోయినట్లే.

ఆ రోగిని ఇంటికి పంపాలా, ఆసుపత్రికి పంపాలా అన్న నిర్ణయం ఆ క్షణాన మన చేతిలో ఉన్నది. అందుకు తగిన శిక్షణ మనకు ఉన్నదా?

ముందుగా సిద్ధపడటం మన శాస్త్రానికి కొత్త కాదు. చరక సంహిత విమానస్థానంలో పునర్వసు ఆత్రేయుడు, జనపదాలను నాశనం చేసే ఉపద్రవం రానున్నదనీ, భూమి రసహీనం కాకముందే ఓషధులను సేకరించాలనీ అగ్నివేశుని హెచ్చరిస్తాడు. జ్వరం మనిషి నుండి మనిషికి సంక్రమించే మార్గాలలో నిశ్వాసాన్ని కూడా సుశ్రుతుడు పేర్కొన్నాడు.

మనదేశంలో స్వైన్ ఫ్లూ తొలి కేసు 2009 మే నెలలో హైదరాబాదులోనే బయటపడినది. తెలంగాణలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 2న వెల్లడైనది. ఈ నడుమ పదకొండేళ్లలో శ్వాసవ్యాధులపై ఒక్కరోజు శిక్షణకైనా రమ్మని నాకు పిలుపు రాలేదు.

కోవిడ్ నేర్పిన ముఖ్యమైన పాఠం ఒకటున్నది. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతున్నా కొందరికి ఆయాసం తెలియదు. నవ్వుతూ మాట్లాడుతూనే ఉంటారు. నలభై ఏళ్లుగా నాడి పట్టుకొంటున్నవానిగా చెబుతున్నాను, ఈ సంగతి నాడి చెప్పదు. వేలికి తొడిగే పల్స్ ఆక్సీమీటరు చెబుతుంది. అది 94 కంటే తక్కువ చూపినా, నిమిషానికి శ్వాసలు 24 అంతకు మించినా, ఆ రోగికి కావలసినది ఆసుపత్రి. కూర్చున్నప్పుడు బాగున్నవారిని ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూడాలి. గోళ్ల రంగు ఉంటే ఆ పరికరం పొరబడవచ్చును. సినిమావారి పేటలో ఇది మరువరాదు!

రోజుల లెక్క మరొకటి. నవజ్వరం, జీర్ణజ్వరం అని రోజులు లెక్కించిన శాస్త్రం మనది. కోవిడ్‌లో పలువురికి మొదటి వారం చివరనే పరిస్థితి విషమించినది. కనుక "జ్వరం తగ్గిందా?" అన్నది చాలదు, "ఎన్నవ రోజు?" అని అడగాలి.

శిక్షణ లోపం ఒక్క ఆయుర్వేదానిదే కాదు. డెక్సామెథసోన్ ప్రాణవాయువు అవసరమైన రోగులకే మేలు చేస్తుందని 2020లోనే బ్రిటన్ పరిశోధన తేల్చినది. అయినా 2021లో స్టెరాయిడ్లను విచక్షణ లేకుండా వాడినవారున్నారు. ఆ ఏడాది కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రికి బ్లాక్ ఫంగస్ రోగులు బారులు తీరారు. మనవైపు, పిత్తప్రకృతి గలవారికి సైతం మండువేసవిలో మిరియాలు, శొంఠి కషాయం పూటపూటా పోసినవారు లేకపోలేదు. అంతకంటే పెద్ద అపచారం, మరొక్క రోజు కషాయంతో చూద్దామని రోగిని ఇంట్లో ఉంచటం.

ఎర్రగడ్డ ప్రాంతంలోనే బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉన్నది, ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉన్నది. కళాశాల విద్యార్థులు ఏటా కొన్ని వారాలు ఆ ఆసుపత్రి వార్డులలో గడిపే ఏర్పాటు చేయాలని నా విన్నపం. మావంటి వృద్ధవైద్యులకు రెండు రోజులు చాలును, తెలుగులో చెబితే. ఈలోగా, కషాయం రాసిచ్చే చీటీపైనే జ్వరం ఎన్నవ రోజో, శ్వాసలు ఎన్నో, ఆక్సీమీటరు ఎంత చూపినదో కూడా రాయడం రేపటి నుండే మొదలుపెట్టవచ్చును.