రిమోట్ మా చేతికీ ఇవ్వండి!

మొన్న డిసెంబరులో తిమ్మప్ప జాతరకి పుట్టింటికి వెళ్ళాను. మాది గద్వాల దగ్గర మల్దకల్. ఏటా మార్గశిర పౌర్ణమికి స్వామి ఉత్సవాలంటే మా నడిగడ్డలో ఆడపడుచులందరం ఎక్కడున్నా వచ్చి వాలిపోతాం. ఇంటినిండా చుట్టాలు, వంటింట్లో భక్ష్యాల పని, పట్టసాలలో పిల్లల గోల.

ఆ గోలలోంచి ఒక చప్పుడు నా చెవిన పడింది. ‘టింగ్... టింగ్... ధబ్!’ పాతికేళ్ళకి పైగా వినని చప్పుడు. చేతిలో పిండి చేతిలో ఉండగానే వెళ్ళి చూశాను. మా అన్న హైదరాబాదు నుంచి ఓ చిన్న పెట్టె తెచ్చాడు. పాతకాలపు వీడియో గేములన్నీ అందులోనే ఉంటాయట. టీవీకి తగిలిస్తే చాలు. అందులో మా చిన్ననాటి కుంగ్‌ఫూ ఆట! మా మేనల్లుళ్ళిద్దరూ రిమోట్లు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ వెనకాల, గోడకి చేరగిలబడి, మా పదకొండేళ్ళ అమ్మాయి.

"నువ్వు ఆడవా?" అన్నాను.

"నేను చూస్తాలే అమ్మా" అంది.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఎందుకంటే సరిగ్గా ఆ గోడ దగ్గరే, అదే ఆటకి, నేనూ అలాగే కూర్చున్నాను. 1997లో నాకు పదేళ్ళు. అన్న ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష పాసైనందుకు నాయన కర్నూలు నుంచి వీడియో గేమ్ తెచ్చాడు. ఆ రోజుల్లో లిటిల్ మాస్టర్, మీడియా లాంటి పేర్లతో అమ్మిన పెట్టెలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. జపాన్ నింటెండో కంపెనీ 1983లో అక్కడ విడుదల చేసిన ఫ్యామికామ్ అనే యంత్రానికి అవి నకళ్ళని పెద్దయ్యాక తెలిసింది. క్యాసెట్ మీద లక్షల ఆటలని రాసుండేది. లెక్కపెడితే అవే నాలుగైదు ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి ‘ఉఫ్’మని ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం.

ఆ ఆటలో నాకూ ఉద్యోగాలుండేవి. టీవీ వెనక వైరు కదిలితే బొమ్మ పోయేది కాబట్టి దాన్ని పట్టుకుని నిలబడడం. ఆడేవాళ్ళకి మంచినీళ్ళు, మరమరాలు అందించడం. నాయన సైకిల్ చప్పుడు వినిపిస్తే కేకేయడం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "నేనూ ఆడత" అని అడిగాను. అన్న ఏమీ అనలేదు. అమ్మే అంది. "ఆడపిల్లవు, నీకెందుకే ఆ తన్నుకునే ఆట? పోయి బియ్యమేరుపో."

మళ్ళీ అడగలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ వీడియో గేమ్ కొన్నది సీడుపత్తి డబ్బులతో. మా వైపు విత్తనపత్తి పంట ఎలా తీస్తారో ఎరుగని వాళ్ళకోసం చెబుతున్నాను. సాయంత్రంపూట ఆడమొక్క మొగ్గల్ని ఒక్కొక్కటీ ఒలిచి, లోపలి కీలం దెబ్బతినకుండా పుప్పొడి తిత్తులు మాత్రం తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగపూలు తెచ్చి ఆ పుప్పొడిని కీలానికి అద్దాలి. క్రాసింగ్ అంటారు దాన్ని. పూత ఉన్నన్నాళ్ళూ రోజూ చేయాల్సిందే. ఈ పనికి చిన్న వేళ్ళు కావాలి, చురుకైన వేళ్ళు కావాలి. అందుకే మా నడిగడ్డ చేలల్లో బడికి పోవాల్సిన ఆడపిల్లలు ఎంతమంది ఆ వరుసల్లో నిలబడ్డారో! నా అదృష్టం కొద్దీ నేను బడి మానలేదు. బడి వదిలాక సాయంత్రం, బడికి ముందు పొద్దున మాత్రం చేశాను. "దీని వేళ్ళు చూడు, మిషిన్లెక్క ఆడతయి" అని చేలో అందరూ మెచ్చుకునేవాళ్ళు.

ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది, కడుపు మండుతుంది కూడా. నా వేళ్ళ చురుకు చేలో పనికొచ్చింది. ఆ పని తెచ్చిన డబ్బులో నా వేళ్ళ వాటా కూడా ఉంది. ఆ డబ్బుతో వచ్చిన ఆటని ముట్టుకోవడానికి మాత్రం ఆ వేళ్ళు పనికి రాలేదు! మా అమ్మను తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఆమె వేళ్ళకి అసలు ఆటంటేనే తెలియదు. తనకు తెలిసిన లోకమే నాకు చెప్పింది.

సరే, జాతర రోజుకి వద్దాం. చేతులు కడుక్కుని వచ్చి, "ఒక్క ఆట నాకియ్యండ్రా" అన్నాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్న నవ్వాడు. "నువ్వా? ఎన్నడన్న ఆడినవా?"

"ఆడలేదు. చూసిన. చానా చూసిన."

ఆ ఆట పేరు ‘యీ ఆర్ కుంగ్‌ఫూ’. కొనామి అనే జపాన్ కంపెనీ 1985లో ఇంటి టీవీల కోసం తయారు చేసింది. ఒకరితో ఒకరు తలపడే ఆటలకి తొలినాళ్ళ పునాదిరాళ్ళలో అదొకటి. మనం లీ అనే కుర్రవాడిగా ఆడాలి. వరసగా అయిదుగురు ఎదురొస్తారు. కర్ర పట్టుకుని వాంగ్, నిప్పులు విసిరే టావ్, గొలుసు తిప్పే చెన్, చక్రాల్లాంటి ఆయుధాలు రువ్వే లాంగ్, గాల్లో ఎగిరొచ్చే మూ. రిమోట్ మీద ఒక బటన్‌కి పిడిగుద్దు, ఇంకోదానికి తన్ను. అంతే. కానీ ఎప్పుడు దగ్గరికి దూరాలో, ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలియాలి.

మొదటి ఆట వాంగ్ చేతిలోనే చిత్తుగా ఓడాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. రెండోదీ పోయింది. మూడోసారికి వేళ్ళకి దారి దొరికింది. టావ్ నిప్పు వేసేముందు ఎలా నిలబడతాడో నాకు గుర్తుంది. చెన్ గొలుసు ఎంతదూరం వస్తుందో గుర్తుంది. వైరు పట్టుకుని నిలబడ్డ రోజులన్నీ ఊరికే పోలేదన్నమాట! అయిదో వాడు మూ కూలిపోయేసరికి పట్టసాలంతా నిశ్శబ్దం. "అత్తా, మళ్ళొకసారి ఆడు" అన్నాడు చిన్న మేనల్లుడు. కథలు అచ్చయినప్పుడు కూడా నాకంత గర్వంగా అనిపించలేదంటే నమ్మండి.

ఆ రాత్రి పడుకున్నాక ఒకటి తట్టింది. ఆ అయిదుగురిలో లాంగ్ ఒక్కతే ఆడమనిషి. ఆమెను మనం కొట్టొచ్చు. ఆమెగా ఆడడానికి మాత్రం లేదు. 1991లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ ‘స్ట్రీట్ ఫైటర్ 2’ తెచ్చినప్పుడు, మనం ఎంచుకోగల ఎనిమిదిమందిలో చున్-లీ అనే ఆడపిల్లని పెట్టారు. తండ్రి చావుకి కారకుడైన వాణ్ణి వెతుక్కుంటూ బయల్దేరిన ఇంటర్‌పోల్ అధికారిణి ఆమె. ఎనిమిదిమందిలో ఒక్కతే! అయినా ఆ ఒక్కతే ఎంతోమంది ఆడపిల్లలకి ‘ఇది నా ఆట కూడా’ అనిపించింది. ఆట బొమ్మల్లోనే మనకి చోటు దొరకడానికి అంతకాలం పట్టింది. ఇక మన పట్టసాలల్లో ఆలస్యం కావడంలో వింతేముంది?

"కొట్లాట ఆటలు పిల్లలకి మంచివా?" అని మీరడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ‘మోర్టల్ కాంబాట్’ లాంటి నెత్తురు ఓడే ఆటలు ఇళ్ళలోకి వచ్చినప్పుడు 1993లో అమెరికా సెనేట్‌లోనే విచారణ జరిగింది. ఏ ఆట ఏ వయసు వాళ్ళకో ముద్ర వేసే బోర్డు 1994లో వచ్చింది. కానీ ముద్ర చూసి మురిసిపోతే చాలదు. పిల్లలు ఏమి ఆడుతున్నారో తెలియాలంటే అమ్మ పక్కన కూర్చోవాలి. తలుపు దగ్గర నిలబడి "ఆపండ్రా ఆ గోల" అని అరిస్తే తెలిసేది కాదు అది. నేనొక గంట ఆడాక తెలిసింది, ఓడినప్పుడు మా చిన్న మేనల్లుడికి ఎంత కోపం వస్తుందో, దాన్ని వాడు ఎలా దిగమింగుకుంటాడో.

"మాకంత తీరికెక్కడ తల్లీ!" అనేది రెండో మాట. అసలు సంగతి అదే. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు అందులోనే గడుపుతున్నారని తేలింది. ఇంటిపని చేసే మగవాళ్ళు గడిపేది 88 నిమిషాలు. అంటే మనకి దాదాపు అయిదు గంటలు, వాళ్ళకి గంటన్నర. దీనికి జీతం లేదు, సెలవు లేదు. తీరిక లేకపోవడం మన తలరాత కాదు, ఇంట్లో పని పంపకంలో జరిగిన తప్పు. అన్నం ఉడికేలోపు ఫోనులో దొంగచాటుగా లూడో ఆడి, ఎవరైనా వస్తే గభాలున పక్కన పెట్టేసే అక్కచెల్లెళ్ళు నాకు తెలుసు. మగవాళ్ళు పేకాటైనా బాహాటంగా ఆడతారు. మనం లూడోకి కూడా సిగ్గుపడతాం!

రోజంతా ఆటల్లో మునిగిపొమ్మని నేననడం లేదు. చదువు మానుకుని ఆడే పిల్లల్ని సమర్థించడమూ లేదు. నేననేది చిన్న మాట. ఆడపిల్ల చెయ్యి చురుకైనదని మెచ్చుకుంటే, ఆ చురుకు ముగ్గుకి, కుట్టుకి, సీడుపత్తికి మాత్రమే సరిపెట్టకండి. ఆటకీ ఇవ్వండి. ఇంట్లో రిమోట్లు రెండుంటే ఒకటి అమ్మాయి చేతిలో పెట్టండి. "నేను చూస్తాలే" అని అది అంటే, "సరే" అని వదిలేయకండి. ఆ మాట దానిది కాదు, మనం నేర్పిందే.

జాతర నుంచి బయల్దేరే రోజు పొద్దున, ఆ ‘ధబ్’ మళ్ళీ వినిపించింది. వెళ్ళి చూస్తే మా అమ్మాయి ఆడుతోంది. మేనల్లుళ్ళు వెనక కూర్చుని "ఎగురు! ఎగురు!" అని అరుస్తున్నారు. పక్కనే మా అమ్మ, అద్దాలు సవరించుకుంటూ, టీవీకేసి కళ్ళార్పకుండా చూస్తోంది.

"బియ్యమేరాలేమో గదమ్మా?" అన్నాను నవ్వుతూ.

"నువ్వేరుపో" అంది అమ్మ. "నాకిది ఎట్ల ఆడాల్నో పిల్ల చెప్తుంది."