మక్కల లారీ ఖాళీగా తిరిగి పోవద్దు

గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అందులో సగానికి పైగా మక్కలే. ఆ తర్వాత పెద్ద వాటా సోయా చెక్కది. నూనె తీసిన తవుడు, గుల్ల, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), విటమిన్లు మిగతా భాగం. హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, షామీర్‌పేట చుట్టుపక్కల లేయర్ ఫారాల్లో గుడ్డు మీద పెట్టే ప్రతి వంద రూపాయల్లో డెబ్బై దాకా ఈ దాణాకే పోతాయి. అందుకే మక్కల ధర కదిలితే ఫారం లెక్క మొత్తం కదులుతుంది.

పదివేల కోళ్లున్న షెడ్డుకు రోజుకు 11 క్వింటాళ్ల దాణా కావాలి. అంటే దాదాపు 6 క్వింటాళ్ల మక్కలు. క్వింటాలుకు 500 రూపాయలు పెరిగితే ఆ ఒక్క సరుకు మీదే రోజుకు 3,000 రూపాయల అదనపు భారం పడుతుంది. నూటికి 85 కోళ్లు గుడ్డు పెడుతున్నాయనుకుంటే ఆ రోజు చేతికొచ్చేవి 8,500 గుడ్లు. ఒక్కో గుడ్డు మీద 35 పైసలు పెరిగినట్టు. లాభనష్టాలను పైసల్లో చూసుకునే వ్యాపారంలో ఇది చిన్న మొత్తం కాదు.

ఆ 35 పైసలను రైతు గుడ్డు ధరలో కలుపుకోలేడు. గుడ్డు దాచుకునే సరుకు కాదు. శ్రావణంలోనూ కార్తీకంలోనూ చాలా ఇళ్లలో గుడ్డు వండరు, గిరాకీ తగ్గుతుంది. కోడి మాత్రం ఆ నెలల్లోనూ అంతే తింటుంది. దాణా భారం మోయలేని రైతు ముందుగా చేసే పని ముదురు కోళ్లను తొందరగా అమ్మేయడం, కొత్త పిల్లలను దించకుండా ఆగడం. పిల్ల ఎదిగి గుడ్డు పెట్టడానికి నాలుగున్నర, అయిదు నెలలు పడుతుంది. అందువల్ల ఈరోజు ఖాళీ అయిన షెడ్డు ప్రభావం నగరంలోని కిరాణా కొట్టుకు నెలల తర్వాత చేరుతుంది. అప్పుడు గుడ్డు ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ మంచి ధర అందేది అప్పటిదాకా తట్టుకుని నిలబడిన పెద్ద ఫారాలకు. షెడ్డు ఖాళీ చేసుకున్న చిన్న రైతుకు అందులో ఏమీ దక్కదు. కొనేవారికీ నష్టమే, పెంచేవారికీ నష్టమే. ఈ చక్రాన్ని ఆపాల్సిన అవసరం ఇక్కడే ఉంది.

దాణా ధర పెరగడానికి కారణాలు చాలావరకు ఈ ప్రాంతం బయటే ఉన్నాయి. 2021లో సోయా చెక్క కిలో వంద రూపాయలకు చేరువైనప్పుడు, కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి తొలిసారి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత మక్కల వంతు వచ్చింది. 2023 డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తీయడంపై కేంద్రం ఆంక్షలు పెట్టింది. నెల తిరగక ముందే, మక్కలతో తీసిన ఇథనాల్‌కు చమురు సంస్థలు లీటరుకు 5.79 రూపాయల అదనపు ప్రోత్సాహకం ప్రకటించాయి. టన్ను మక్కల నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. కోడి తినే గింజ పెట్రోలు బంకుకు మళ్లింది. ఒకప్పుడు మక్కలు ఎగుమతి చేసిన దేశం 2024లో దిగుమతి చేసుకుంది. ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి దాణాలోకి వస్తున్న మాట నిజమే. అది సోయా చెక్కకు కొంత బదులవుతుంది కానీ మక్కల స్థానాన్ని నింపదు. పైగా గింజలో ఉన్న బూజు విషం ఆ పిప్పిలో మరింత చిక్కబడుతుంది. పరీక్ష చేయకుండా వాడితే కోడికి ముప్పు.

మక్క రైతుకు గిట్టుబాటు ధర రావడం తప్పు కాదు, రావాల్సిందే. 2025-26కు మక్కల మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఆ ధరలో కొంత భాగాన్ని ఎరువులు మింగేస్తున్నాయి. హైబ్రిడ్ మక్కకు ఎకరాకు 80 కిలోల దాకా నత్రజని కావాలి, అంటే 45 కిలోల యూరియా బస్తాలు దాదాపు నాలుగు. యూరియా బస్తా ధరను రాయితీ కట్టి ఉంచుతోంది కాబట్టి కష్టం ధరగా కాక కొరతగా వస్తుంది. 2025 వానాకాలంలో తెలంగాణ అంతటా సహకార సంఘాల ముందు రైతులు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు. పనిదినాలు పోయాయి, పైరుకు అదను తప్పింది. డీఏపీ బస్తా 1,200 నుంచి 1,350కి చేరింది. పొటాష్ 2022లో 1,700 దాకా వెళ్లింది.

ఎరువు, దాణా వేర్వేరు సరుకులుగా కనిపిస్తాయి గానీ వాటి మూలం చాలాచోట్ల ఒకటే. డీఏపీలోని భాస్వరం, కోడి దాణాలో కలిపే డీసీపీలోని భాస్వరం ఒకే రాతి నుంచి వస్తాయి. ఆ రాతి ఫాస్ఫేట్ కోసం భారతదేశం ఎక్కువగా జోర్డాన్, మొరాకో వంటి దేశాల మీద ఆధారపడుతుంది. అక్కడ ధర పెరిగితే చేను, షెడ్డు రెండూ ఒకే దెబ్బ తింటాయి.

పాడి రైతుల పరిస్థితి ఇంతకన్నా మెరుగు కాదు. మేడ్చల్ చుట్టూ పశువులు మేసిన బీళ్లు ప్లాట్లయ్యాయి. పచ్చిగడ్డికి నీళ్లు, యూరియా కావాలి. వరి కోత యంత్రం పొలంలో వదిలేసిన గడ్డిని కట్టలు కట్టించి దూరం నుంచి తెచ్చుకోవాలి. పత్తిగింజల చెక్క, తవుడు ధరలు సోయా, మక్కల వెంటే నడుస్తాయి.

ఈ దాణా, ఎరువుల సమస్యకు మేడ్చల్, షామీర్‌పేటల చేతిలోనే ఒక సాధనం ఉంది. దాన్ని ఇంతవరకు చాలామంది సరుకుగా చూడలేదు. అది కోళ్ల పెంట. కోడి రోజుకు దాదాపు 110 గ్రాముల పచ్చి రెట్ట వేస్తుంది. పదివేల కోళ్ల షెడ్డు నుంచి ఏడాదికి 400 టన్నులు. అందులో నత్రజని అయిదు టన్నుల వరకు ఉంటుంది. ఇప్పటిలా గుట్టలుగా పోసి వదిలేస్తే అందులో పెద్ద భాగం అమ్మోనియా వాసనగా గాలిలో కలుస్తుంది. ఊళ్లలో ఈగలు, కొత్త కాలనీలతో గొడవలు అక్కడి నుంచే మొదలవుతాయి. సగం నిలబెట్టుకోగలిగినా అది 120 యూరియా బస్తాలకు సమానమైన నత్రజని. భాస్వరం, పొటాష్, సున్నం అదనం.

రోడ్లు కూడా అనుకూలంగానే ఉన్నాయి. కామారెడ్డి, నిజామాబాద్ మక్కలు 44వ జాతీయ రహదారి మీద మేడ్చల్‌కు రావాలి. సిద్దిపేట, కరీంనగర్ మక్కలు రాజీవ్ రహదారి మీద షామీర్‌పేటకు రావాలి. అదే రాజీవ్ రహదారి యూరియా కర్మాగారం ఉన్న రామగుండం దాకా పోతుంది. మక్కలు దించిన లారీ తిరుగు ప్రయాణంలో కంపోస్టు తీసుకుపోతే రవాణా ఖర్చు రెండు వైపులా పంచుకోవచ్చు. మక్క పండిన నేలకు దాని సారంలో కొంత భాగం తిరిగి చేరుతుంది.

ఇందుకు కావాల్సింది కొనుగోలు సంఘం. గుడ్లు అమ్మే విషయంలో కోళ్ల రైతులు ఒకప్పుడు ఈ పని చేసి చూపించారు. 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హ్యాచరీస్‌ను మొదలుపెట్టిన బి.వి. రావు చొరవతో 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. గుడ్డు ధర దళారి చెప్పే స్థితి పోయి రైతులే ప్రకటించే స్థితి వచ్చింది. అమ్మే చోట కుదిరిన ఆ ఐకమత్యం కొనే చోట కుదరలేదు. నేటికీ చిన్న ఫారం రైతు ఒంటరిగా, అరువు మీద, వ్యాపారి చెప్పిన ధరకు, వారం వారం మక్కలు కొంటున్నాడు. కోత కాలంలో చవకగా ఉన్నప్పుడు కొని పెట్టుకోవడానికి అతనికి గోదాము లేదు. ఆరబెట్టే యంత్రం లేదు. తేమ 14 శాతం దాటిన గింజ నిలవ ఉంటే బూజు పడుతుంది.

రెండు మండలాల చిన్న, మధ్యతరహా ఫారాలు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలతో కలిసి ఉమ్మడి కొనుగోలు సంఘంగా ఏర్పడాలి. ఆరబెట్టే యంత్రం, గోదాము, తేమనూ, బూజు విషమైన అఫ్లాటాక్సిన్‌నూ పరీక్షించే సదుపాయం దానికి ఉండాలి. పెద్ద కొనుగోలుదారులకు వీలయ్యే వేలంపాటలే కాకుండా, రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ తన దగ్గరున్న మక్కలను ఇలాంటి సంఘాలకు చిన్న మొత్తాల్లో నేరుగా ఇవ్వాలి. గోబర్‌ధన్ పథకం కింద బయోగ్యాస్ ప్లాంట్ల సేంద్రియ ఎరువుకు కేంద్రం 2023లో టన్నుకు 1,500 రూపాయల మార్కెటింగ్ సాయం ప్రకటించింది. షెడ్డు పక్కన శాస్త్రీయంగా తయారైన కోళ్ల కంపోస్టుకూ ఆ సాయం వర్తింపజేయాలి. అంగన్‌వాడీలకూ బడులకూ గుడ్లు కొనే టెండర్లలో దాణా ధరను బట్టి మారే ధర పెట్టాలి. ధర గిట్టక సరఫరాదారు చిన్న గుడ్లు పంపితే నష్టపోయేది గర్భిణులు, పిల్లలు.

పెంటను దూరం పంపితే రోగాలు వ్యాపించవా అన్న అనుమానం న్యాయమైనదే. 2025 ఫిబ్రవరిలో తెలుగు రాష్ట్రాల్లో బర్డ్ ఫ్లూ మిగిల్చిన నష్టం ఎవరూ మరచిపోలేదు. అందుకే పచ్చి పెంట ఫారం దాటకూడదు. ఊక, వరిగడ్డి కలిపి, కప్పు కింద కుప్ప వేసి, మధ్యలో వేడి 55 డిగ్రీలు దాటేలా తిరగేస్తూ ఆరు నుంచి ఎనిమిది వారాలు మాగనివ్వాలి. ఆ వేడికి వైరస్‌లు, ఈగల గుడ్లు చస్తాయి. లారీ చక్రాలను మందు నీళ్లతో కడిగాకే లోపలికి రానివ్వాలి. రోగం కనిపించిన ప్రాంతం నుంచి రవాణా ఆపేయాలి. ఈ నియమాలు సంఘం చేతిలో ఉంటే అమలవుతాయి. ఎవరికి వారుగా ఉన్న ఫారాల్లో అమలు కావు.

మొదలు పెద్దదిగా ఉండనక్కర్లేదు. పదివేల కోళ్ల చొప్పున పది ఫారాలు కలిస్తే రోజుకు 60 క్వింటాళ్లు, నెలకు 180 టన్నుల మక్కలు అవసరమవుతాయి. మూడు నెలల నిల్వకు 540 టన్నుల గోదాము చాలు. వానాకాలం మక్కలు అక్టోబరు నుంచి మార్కెట్‌కు వస్తాయి, యాసంగివి ఏప్రిల్ నుంచి. సంఘం నమోదు, గోదాము అద్దె, బ్యాంకు రుణం ఈ రెండింటిలో ఏదో ఒక కోతకు ముందే పూర్తి కావాలి.