శెనక్కాయ సలహాలు

రాయాలనుకునే పిల్లలకి సలహాలు అమ్మే వ్యాపారం ఇప్పుడు తెలుగులోనూ బాగానే నడుస్తోంది. బ్లాగు ఎలా మొదలుపెట్టాలి, ఎలా పెంచాలి, ఆర్నెల్లలో పదివేలమంది చేత ఎలా చదివించాలి. యూట్యూబులో ఉచితంగా చెప్తారు, కాస్త డబ్బు కడితే జూమ్‌లో చెప్తారు. ఆ మాటలన్నిటినీ పిండితే మిగిలేది ఒక్కటే: "నీ నిష్ పట్టుకో." అంటే ఒక ఇరుకైన విషయం ఎంచుకో, దాన్ని వదలకు, వారం వారం దాన్నే వడ్డించు, జనం నిన్ను ఆ ఒక్కదానికే గుర్తుపెట్టుకోవాలి.

ఈ మాట అనంతపురం వాళ్లకి చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి. ఎందుకంటే ఆ ప్రయోగం మా నేల మీద ఒకసారి జరిగిపోయింది.

మా తాతల కాలంలో చేనంటే ఒక పంట కాదు. కొర్ర ఉండేది, సజ్జ, జొన్న, ఆరిక, ఉలవ ఉండేవి. మధ్యమధ్య సాళ్లలో కంది, ఆముదం, అలసంద, అనుము. కన్నడం వైపు దీన్ని అక్కడి సాలు అంటారు. ఒకటి పోతే ఇంకోటి చేతికొచ్చేది, ఏదీ రాకపోతే కనీసం పశువుకి మేత దక్కేది. తర్వాత శెనక్కాయ వచ్చింది. ధర పలికింది. నూనెగింజల కోసం కేంద్రం 1986లో టెక్నాలజీ మిషన్ పెట్టింది. విత్తనం సబ్సిడీ అంటే శెనక్కాయ, బ్యాంకు అప్పంటే శెనక్కాయ, బీమా అంటే శెనక్కాయ. ఒక దశలో జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లు అదే పంట. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఆ వానైనా పడాల్సిన వారంలో పడదు. ఊడలు దిగే రోజుల్లో పదును లేకపోతే శెనక్కాయ చెట్టు వెంటనే ఎండిపోదు. పైన పచ్చగానే కనిపిస్తుంది. పీకి చూస్తే కింద కాయలుండవు.

ఫాలోవర్ల లెక్క చూపించి మురిసిపోయేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది. రైతుకి ఆ పంట వేయమని చెప్పినవాళ్లు ఎవరూ చెడ్డవాళ్లు కాదు, మార్కెట్ తెలిసినవాళ్లే. నిష్ పట్టుకోమని చెప్పేవాళ్లూ అంతే, మార్కెట్ తెలిసినవాళ్లే.

పోయినేడాది అలాంటి ఒక జూమ్ తరగతిలో నేనూ కూర్చున్నాను. కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఒకమ్మాయి మాట్లాడింది. వాళ్ల నాయిన చిన్నప్పుడు టూరింగ్ టాకీస్‌లో టికెట్లు చించేవాడంట. ఆ టాకీస్ గురించి, అందులో నేల టికెట్ ఆడవాళ్ల గురించి, వాళ్లు సినిమా చూసొచ్చి పాటలకి మార్చి కట్టుకున్న మాటల గురించి రాసుకుంటోంది. "సార్, ఇది ఎవురన్నా సదువుతారంటారా?" అని అడిగింది. ఆ సారు ఊరు పేరు విని ఉత్సాహపడ్డాడు. "అనంతపూరా! మీకు రెడీమేడ్ నిష్ ఉందమ్మా. కరువు. కరువే మీ బ్రాండ్. టాకీస్ ఎవరికైనా ఉంటుంది, కరువు మీకే ఉంది." అమ్మాయి "సరే సార్" అనింది. మైకు ఆపేసుకుంది.

మా ఊరి జనం కరువు గురించి రాయకూడదని నేను అనను. పెన్న ఎండిపోవడం మీద విద్వాన్ విశ్వం రాసింది పక్కన పెడితే ఈ జిల్లా సాహిత్యంలో పెద్ద గుంత పడుతుంది. నా తగువు వేరే. కరువు మాకు జరిగిన సంగతి. దాన్ని మా రుచిగా, మా లోగోగా మార్చుకోమనడం అన్యాయం. పైగా అది అబద్ధం కూడా. 2019లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న బండి నారాయణస్వామి 'శప్తభూమి' తిరగేయండి. హండే రాజుల కాలం నాటి అనంతపురం అది. పాలెగాళ్లు, కులాలు, దేవుళ్లు, పంతాలు, కోరికలు అన్నీ ఉంటాయి. ఎండ ఉంది, ఎండ ఒక్కటే లేదు.

అసలు బ్లాగు లాంటి పని ఎలా చేయాలో అనంతపురానికి బయటివాళ్లు వచ్చి నేర్పాల్సిన అవసరం లేదు. వందేళ్ల కిందటే ఇక్కడ చేసి చూపించారు. 1917 ప్రాంతంలో ఈ ఊళ్లో కొందరు కుర్రాళ్లు కలిసి 'వదరుబోతు' అనే పేరు పెట్టుకుని వ్యాసాలు రాయడం మొదలుపెట్టారు. వాళ్లలో ముఖ్యుడు పప్పూరు రామాచార్యులు. అప్పటికి రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో స్టీల్, అడిసన్ నడిపిన 'టాట్లర్', 'స్పెక్టేటర్' పత్రికలు వాళ్లకి ఒరవడి. టాట్లర్ అనే మాటకి వదరుబోతు కంటే మంచి తెలుగు ఉందా? నాకు తోచదు.

ఇప్పటి కోచింగ్ సార్ల దగ్గరికి వెళితే ఈ వదరుబోతు మొదటి క్లాసులోనే ఫెయిలవుతాడు. నిష్ లేదు, ఏ విషయం తోస్తే ఆ విషయం. రాసినవాడి పేరు లేదు, కాబట్టి పర్సనల్ బ్రాండ్ లేదు. మద్రాసుకి, బెజవాడకి దూరంగా, మూల జిల్లాలో కూర్చుని రాయడం, కాబట్టి 'రీచ్' లేదు. మరి అతని దగ్గర ఉన్నదేంటి? నలుగురు స్నేహితులున్నారు, ఒకరు రాసింది ఇంకొకరు చదివి ఎగతాళి చేయడానికి. వారం తప్పకుండా రాయాలనే పట్టుంది. ఊళ్లో మనుషుల్ని ఓపిగ్గా గమనించే కన్నుంది. ఇంతే. తర్వాత 1926లో రామాచార్యులు అనంతపురం నుంచే 'శ్రీ సాధన' వారపత్రిక పెట్టారు. జాతీయోద్యమంలో ఆయన జైలుకి వెళ్లారు, పత్రిక ఆగింది, మళ్లీ లేచింది. విద్వాన్ విశ్వం ఆ పత్రికలో పనిచేశాడు. అంటే ఒక వదరుబోతు వెనకాల ఒక ప్రెస్సు, ఆ ప్రెస్సు వెనకాల ఇంకో తరం రచయితలు. పెరగడం అంటే ఇది కూడా పెరగడమే. ఏ డాష్‌బోర్డు మీదా ఈ గీత కనపడదు.

అయితే ఈ కథలో నన్ను ఎక్కువ కుదిపే సంగతి ఇంకోటుంది. ఆ వదరుబోతు వ్యాసాలు 1930ల్లో పుస్తకంగా వచ్చేనాటికి అన్నీ దొరకలేదు. పుస్తకంలోకి ఎక్కినవి 22. మిగతావి పోయాయి. కాగితం మీద అచ్చయినవి, ఊరంతా చదివినవి, రాసినవాళ్లు బతికి ఉండగానే, సొంత ప్రెస్సు ఉండగానే పోయాయి.

ఇప్పుడు మన బ్లాగుల సంగతి చూద్దాం. 2006లో లేఖిని వచ్చింది, కూడలి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుందని తెలిసిన ఆనందంలో జనం వరసబెట్టి రాశారు. కూడలి తెరిస్తే పైన గుత్తొంకాయ కూర, దాని కింద కందపద్యం, దాని కింద ఎవరో అమెరికాలో మంచు చూసి రాసుకున్న బెంగ, ఆ పక్కనే పచ్చి తిట్ల రాజకీయం. అక్కడి సాళ్లలాగే ఉండేది. జల్లెడ, హారం, మాలిక కూడా అలాంటి చేన్లే. తర్వాత అందరం ఫేస్‌బుక్కుకి ఎగబడ్డాం. నేను అప్పట్లో దాచుకున్న లింకులు ఈ మధ్య ఒక్కొక్కటీ నొక్కి చూశాను. కొన్ని తెరుచుకోవు. కొన్ని "ఆహ్వానితులకు మాత్రమే". ఒకటి మాత్రం బ్రహ్మాండంగా తెరుచుకుంది, ఇప్పుడు అక్కడ రమ్మీ ఆడిస్తున్నారు. ప్రపంచానికంతా ఇదే గతి: జియోసిటీస్‌ని యాహూ 2009లో మూసేసింది, గూగుల్ ప్లస్‌ని గూగుల్ 2019లో మూసేసింది. మన బ్లాగర్లు అర్ధరాత్రి దాకా వాదించుకున్న మాటలెన్నో దాంతోపాటే పోయాయి.

శ్రీ సాధన సంచికలు ఇవాళ కొన్నైనా ప్రెస్ అకాడమీ డిజిటల్ ఆర్కైవులో స్కాన్ అయి ఉన్నాయి. 1930 నాటి అనంతపురం వారపత్రిక నా ఫోన్లో తెరుచుకుంటుంది, 2010 నాటి తెలుగు బ్లాగు తెరుచుకోదు. బ్లాగు పెంచడం నేర్పే సార్లలో ఒక్కరైనా దీని గురించి మాట్లాడగా నేను వినలేదు. వినే అవకాశం కూడా లేదు, దాచుకోవడంలో వాళ్లకి కమిషన్ రాదు.

"ఇదంతా జీతాలున్నవాళ్ల కబుర్లు" అని ఎవరైనా అంటే నేను కాదనను. తెలుగు పేజీలకి గూగుల్ యాడ్‌సెన్స్ అధికారికంగా వచ్చిందే 2018లో. అంతకుముందు పన్నెండేళ్లు తెలుగు బ్లాగులు పైసా లేకుండా నడిచాయి, నిజమే. కానీ నడిపింది ఎవరు? ఎక్కువమంది హైదరాబాదులో, బెంగుళూరులో, కాలిఫోర్నియాలో కంప్యూటర్ ముందు ఉద్యోగం చేసేవాళ్లు. అందుకే ఆ బ్లాగుల్లో అమలాపురం జ్ఞాపకాలు దొరికినన్ని ధర్మవరం జ్ఞాపకాలు దొరకవు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న వాడికి ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. ఇవాళ అతని కొడుకు చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, డేటా ఉంది, రాయాలనే దురద ఉంది. సరిగ్గా ఇప్పుడొచ్చి, "నాలుగు డబ్బులు రావాలంటే కరువు అమ్ముకో" అంటున్నారు. డబ్బు అడగడం తప్పని నేను ఆ కుర్రాడికి చెప్పను. ఆ లెక్క మాత్రం చూపిస్తాను: ఒక తెలుగు కథకి వెయ్యిమంది చదువరులొచ్చినా ప్రకటనల మీద వచ్చేది టీ ఖర్చు. ఆ టీ కోసం టాకీస్ కథ చంపుకోవాలా?

నన్నెవరైనా అడిగితే చెప్పే పని చాలా చప్పగా ఉంటుంది. ఒక్కడివే మొదలుపెట్టొద్దు, మొహం మీద తిట్టగలిగే ముగ్గుర్ని కలుపుకో. వారంలో ఒక రోజు పెట్టుకో, ఆ రోజు తప్పకు. రాసిన తేదీ, ఊరి పేరు, వీధి పేరు వేయి. 'ఒక పల్లెలో' అని రాస్తే ఇరవై ఏళ్ల తర్వాత అది ఎవరికీ పనికిరాదు. బ్లాగర్ సెట్టింగుల్లో బ్యాకప్ అని ఒక మీట ఉంటుంది, నెలకోసారి నొక్కి ఆ ఫైలు ఇద్దరి దగ్గర పెట్టు. ఇంటర్నెట్ ఆర్కైవుకి వెళ్లి నీ పేజీ లింకు ఇస్తే వాళ్లూ ఒక కాపీ దాస్తారు, దానికి డబ్బు అక్కర్లేదు. ఏడాదికోసారి మంచివి ఏరి, ఊళ్లో జిరాక్సు షాపులో ఇరవై ప్రతులు తీయించి, ఒకటి జిల్లా గ్రంథాలయంలో ఇచ్చిరా. ఎవరూ చదవరని నవ్వుతారు. నవ్వనీ.

ఇంక చదివేవాళ్ల సంగతి. అంటే మన సంగతే, ఇక్కడ ఈ పేజీ చదువుతున్నవాళ్ల సంగతి. కరువుని బ్రాండు చేసింది ఆ జూమ్ సార్లు మాత్రమేనా? సీమ నుంచి కథ వచ్చిందంటే మొదటి పేరాలో బీటలు వారిన నేల, రెండో పేరాలో బోరు, చివర్లో పురుగుమందు డబ్బా లేకపోతే "ఇందులో సీమ ఎక్కడుంది?" అని కామెంటు పెట్టేది మనమే. "మాండలికం ఇంకాస్త పెంచండి" అని మెయిల్ పెట్టేదీ మన వెబ్ పత్రికలే. కోనసీమ వాడు కాలేజీ ప్రేమకథ రాస్తే అది ప్రేమకథ. గుత్తి వాడు రాస్తే అదేదో దారితప్పిన రాత. ఏసీ గదిలో కూర్చుని ఎండని మెచ్చుకోవడం మానేస్తే మాకు సగం మేలు.

2022లో జిల్లా రెండుగా చీలింది, ఊళ్లు అటూ ఇటూ అయ్యాయి. మ్యాపు మారినంత మాత్రాన రాయాల్సింది తగ్గలేదు. నాకు చదవాలని ఉన్నవి చెప్తాను. రాయదుర్గంలో జీన్సు కుట్టే ఇళ్లలో రాత్రి షిఫ్టు ఎలా ఉంటుంది? గుంతకల్లు జంక్షన్లో రైలు తప్పిపోయినవాళ్లు పొద్దు పోవడానికి ఏం మాట్లాడుకుంటారు? పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తీయడం మొదలుపెట్టాక ఆ చుట్టుపక్కల టీ కొట్లలో కొరియా మాటలు ఏమైనా చేరాయా? తాడిపత్రి బండల పాలిషింగ్ దుమ్ములో పనిచేసేవాళ్లు ఇంటికొచ్చి మొదట ఏం కడుక్కుంటారు? హిందూపురం వాడు నిద్రలో తెలుగులో కలవరిస్తాడా, కన్నడంలోనా? ఆ టూరింగ్ టాకీస్ ఆడవాళ్లు కట్టుకున్న మాటలేంటి?

రాసినవాళ్లు లింకు పంపండి. ఒక కాపీ దాచుకున్నాకే పంపండి.