అడగనివ్వరు, తీర్పు మాత్రం చెప్పమంటారు!

పాతకాలపు పెళ్ళిచూపుల్లో పిల్ల తల వంచుకుని కూచునేది. అడగాల్సినవన్నీ పెద్దవాళ్ళే అడిగేవారు. కాపురం చెయ్యాల్సింది మాత్రం ఆ పిల్ల! అమెరికా కోర్టుల్లో జ్యూరీవారి అవస్థ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది.

ముద్దాయి దోషి అవునో కాదో తేల్చాల్సింది జ్యూరీ. సాక్షుల్ని ప్రశ్నించేది లాయర్లు. ‘రాత్రి పదింటికి అతని మొహం చూశాను’ అంటాడు సాక్షి. ‘అక్కడ వెలుతురుందా నాయనా?’ అని ఏ లాయరూ అడగలేదనుకోండి. జ్యూరీలో కూచున్న ఇల్లాలికి ఆ సందేహం వచ్చినా, కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికీ మింగేసి కూచోవాల్సిందే.

అరిజోనా రాష్ట్రం 1995లో ఈ పద్ధతి మార్చింది. సందేహాన్ని పేరు లేకుండా చీటీ మీద రాసివ్వచ్చు. జడ్జిగారు దాన్ని ఇరుపక్షాల లాయర్లకీ చూపించి, వాళ్ళ అభ్యంతరాలు విని, తగినదైతేనే సాక్షిని అడుగుతారు. ఇంతకంటే పద్ధతిగా ఎవరడుగుతారు చెప్పండి?

మిన్నెసోటా సుప్రీంకోర్టు మాత్రం 2002లో, క్రిమినల్ కేసుల్లో ఇది కూడదంది. జ్యూరీ నిష్పాక్షికత చెడుతుందిట. నేరం రుజువు చెయ్యాల్సిన భారం ప్రభుత్వానిది. ఆ వాదనలోని కంతని జ్యూరీయే పూడ్చకూడదుట. కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. కానీ నేనడిగేదొకటే: అడగని సందేహం ఎక్కడికి పోతుంది? జ్యూరీ గదిలోకి వాళ్ళ వెంటే వెళ్తుంది. అక్కడ జవాబు చెప్పే సాక్షి వుండడు, సరిదిద్దే లాయరూ వుండడు. ఎవరి వూహ వాళ్ళకి సాక్ష్యమై కూచుంటుంది. ఆ ముప్పు కంటే చీటీ నయం కాదూ? పైగా ఆ వెలుతురు ప్రశ్నే ముద్దాయిని కాపాడచ్చు.

ఇదేదో అమెరికావాళ్ళ కొత్త వేషం అనుకునేరు! మనకీ ఒకప్పుడు జ్యూరీలుండేవి. జడ్జి ద్వారాగానీ, ఆయన అనుమతితోగానీ సాక్షిని ప్రశ్నించచ్చని 1872 నాటి సాక్ష్య చట్టం 166వ సెక్షన్ వాళ్ళకి హక్కిచ్చింది. తెల్లదొరల కాలంలోనే తోచిన మాట ఇది! 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటు లేకుండా పోయింది. 2024 జూలైలో అమల్లోకొచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో ఆ సెక్షనూ లేదు.

మన సంగతి ముగిసింది. జ్యూరీలున్న దేశాలకైనా ఆ ఇంగితం వుండాలి. పనికిరాని ప్రశ్నని పక్కన పెట్టడానికి జడ్జి వుండనే వున్నారు. ఓ మనిషి జైలుకెళ్తాడా, ఇంటికెళ్తాడా అని తేలేచోట ఓ చీటీముక్క బరువైపోతుందా?